ముందు కాపీ, తర్వాతే రిపేరు

లాప్‌టాప్ ఆన్ చేశారు. మీ పేరు వచ్చింది, కింద పాస్‌వర్డ్ గడి వచ్చింది. కొట్టారు. స్క్రీను ఒక్క క్షణం నల్లబడింది. తెరుచుకుంటోంది అనుకునేలోపే మళ్ళీ అదే పేరు, అదే ఖాళీ గడి. ఇంకోసారి కొట్టారు, మళ్ళీ అంతే. క్యాప్స్ లాక్ చూశారు, అది వెలగడం లేదు. పిల్లల్ని అడిగితే ‘మేం ముట్టుకోలేదు’ అన్నారు. అప్పుడు గుండె ఝల్లుమంటుంది. ఎందుకంటే అందులో ఉన్నవి ఇంకెక్కడా లేవు.

పోయిన నవంబరులో ఒక శుక్రవారం రాత్రి నాకు జరిగింది ఇదే. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది కదా. విండోస్ 11 ఎక్కని పాత లాప్‌టాప్‌లను పారెయ్యలేక మన గ్రూపుల్లో చాలామంది వాటిలో లినక్స్ మింట్ వేయించుకున్నారు. నేను ఆ పని అంతకు రెండేళ్ళ ముందే చేశాను. బాగానే నడిచింది కూడా. కాబట్టి లినక్స్‌ని తిట్టడానికి ఇది రాయడం లేదు. లోపలికి రానివ్వని లాప్‌టాప్ ముందు కూర్చున్నప్పుడు ఏం చెయ్యాలో, అంతకంటే ముఖ్యంగా ఏం చెయ్యకూడదో చెబుదామని రాస్తున్నాను.

నా లాప్‌టాప్‌లో ఏముందో ముందు చెప్పాలి. మా అత్తగారిది బొబ్బిలి దగ్గర పల్లె. పెళ్ళిపాటలు, లాలిపాటలు, అప్పగింతల పాటలు, వియ్యపురాలి మీద వేళాకోళం పాటలు ఆవిడకి కొల్లలుగా వచ్చు. రెండేళ్ళపాటు వీలైన ఆదివారాల్లో ఒక్కో పాట వాట్సాప్ వాయిస్ మెసేజ్‌గా పంపించేవారు. నేను లాప్‌టాప్‌లోకి ఎక్కించి పేర్లు పెట్టుకున్నాను. మొత్తం 43 పాటలు. ఆ తర్వాత ఆవిడకి పక్షవాతం వచ్చింది. ఇప్పుడు మాట నెమ్మదిగా వస్తోంది, పాట రాదు. ‘ఫోనులో ఉండవా మరి’ అంటారు మీరు. నేను ఫోను మార్చాను, చాట్ బ్యాకప్ తీసుకోలేదు. ఆవిడ ఫోను నిండిపోయిందని అక్కడ ఎవరో అంతా తుడిచేశారు. లాప్‌టాప్‌లో ఉన్నాయిలే అన్న ధీమాతో నేను ఊరుకున్నాను.

ఆ ధీమా పోవడానికి ఒక్క నిమిషం పట్టింది. ఆ లాప్‌టాప్ బ్యాటరీ ఎప్పుడో చచ్చిపోయింది, చార్జరు పెట్టి ఉంటేనే నడుస్తుంది. ఆ సాయంత్రం వాక్యూమ్ క్లీనర్ కోసం ఏ ప్లగ్గో చూసుకోకుండా పీకేశాను. రాత్రి ఆన్ చేస్తే పైన చెప్పిన తంతు.

తప్పు పాస్‌వర్డ్‌కీ దీనికీ తేడా

మొదట చూడాల్సింది, అది మిమ్మల్ని ఎలా తిప్పి పంపుతోంది అని. పాస్‌వర్డ్ తప్పయితే తప్పు అని స్క్రీను మీద చెబుతుంది. ఇక్కడ ఇంగ్లండులో దీనికి ఇంకో కారణం ఉంటుంది. బ్రిటిష్ కీబోర్డులోనూ అమెరికా కీబోర్డులోనూ ‘ఎట్’ గుర్తూ డబుల్ కోట్ గుర్తూ ఒకదాని చోట ఒకటి ఉంటాయి. మీ పాస్‌వర్డ్‌లో ఎట్ గుర్తు ఉండి, కంప్యూటర్ కీబోర్డును అమెరికాదనుకుంటే, మీరు సరిగ్గా కొట్టినా దానికి వేరేది అందుతుంది. లాగిన్ స్క్రీను మూలన కీబోర్డు భాష కనిపిస్తే ఒకసారి చూసుకోండి.

తప్పు అని చెప్పకుండా, ఒక్క క్షణం నల్లబడి మళ్ళీ మొదటికి వస్తే పాస్‌వర్డ్ సరైనదే. మీరు మీరేనని కంప్యూటర్ ఒప్పుకుంది. మీ డెస్క్‌టాప్ తెరవబోయి, ఏదో అడ్డు తగిలి, వెనక్కి వచ్చేసింది. దీన్నే లాగిన్ లూప్ అంటారు. ఇక్కడ పాస్‌వర్డ్ మార్చినందువల్ల ఒరిగేదేమీ లేదు.

అడ్డు తగలడానికి నాలుగైదు మామూలు కారణాలున్నాయి. డిస్కు నిండిపోవడం ఒకటి. మీ ఫోల్డర్‌లో ఉండే ఎక్స్ అథారిటీ అనే చిన్న ఫైలు మీ పేరు మీద కాకుండా రూట్ పేరు మీదికి మారిపోవడం రెండోది. అప్‌డేట్ తర్వాత గ్రాఫిక్స్ డ్రైవర్ పొసగకపోవడం మూడోది. నాకు వచ్చింది నాలుగోది, వీటన్నిటిలోకీ భయపడాల్సింది: ఫైల్ సిస్టమ్ పాడవడం.

చిట్టా, ఆవర్జా, గోడౌను

ఫైల్ సిస్టమ్ అంటే ఏమిటో తెలిస్తే సగం భయం పోతుంది. పాతకాలం కిరాణా కొట్టు తలుచుకోండి. వెనక గోడౌనులో బస్తాలుంటాయి. ఏ బస్తా ఏ వరసలో ఉందో, ఎంత ఉందో ఆవర్జాలో రాసి ఉంటుంది. మీ ఫొటోలూ పాటలూ గోడౌనులో బస్తాలు. ఫైల్ సిస్టమ్ ఆ ఆవర్జా. ఆవర్జాలో రెండు కాగితాలు చిరిగితే బస్తాలు మాయం కావు. ఎక్కడున్నాయో తెలియకుండా పోతుంది, అంతే.

కొట్టువాళ్ళు ఏ బేరమైనా ముందు చిట్టాలో గీకి, తర్వాత తీరిగ్గా ఆవర్జాలోకి ఎక్కిస్తారు. లినక్స్ మింట్, ఉబుంటు వంటివి మామూలుగా వాడే ఈఎక్స్‌టీ4 అనే ఫైల్ సిస్టమ్‌ది కూడా ఇదే పద్ధతి. చెయ్యబోయే మార్పును ముందు జర్నల్ అనే చిట్టాలో రాసుకుంటుంది. మధ్యలో కరెంటు పోతే, మళ్ళీ లేచినప్పుడు చిట్టా చూసి ఆవర్జాను సరిచేసుకుంటుంది. అందుకే ఒక్కసారి ప్లగ్గు పీకినంత మాత్రాన అన్నీ పాడవవు. కానీ ఆ ఆవర్జా కాగితమే చెదలు పట్టి ఉంటే చిట్టా ఏం చేస్తుంది? నా హార్డ్ డిస్కు పాతబడి, అక్కడక్కడా చదవడానికి రాని చోట్లు ఏర్పడ్డాయి. అది నాకు తెలియదు. ప్లగ్గు పీకడంతో బయటపడింది.

ఆవర్జాలో లెక్క కుదరని చోటు తగలగానే మింట్ ఒక జాగ్రత్త తీసుకుంటుంది. ఉన్నది ఇంకా పాడు కాకుండా డిస్కు మీద రాయడం ఆపేస్తుంది, చదవడానికి మాత్రమే ఒప్పుకుంటుంది. దీన్నే రీడ్-ఓన్లీ అంటారు. మీరు లాగిన్ అయిన ప్రతిసారీ డెస్క్‌టాప్ మీ ఫోల్డర్‌లో ఒకటి రెండు చిన్న ఫైళ్ళు రాయాలి. రాయనివ్వకపోతే తెరుచుకోలేదు. కాబట్టి వెనక్కి పంపేస్తుంది. చూడండి, లోపలికి రానివ్వకపోవడం అన్నది మీ సొత్తును కాపాడటంలో భాగమే. నేను మాత్రం ఆ రాత్రి దాన్ని నోటికొచ్చినట్టు తిట్టాను.

నేను చేసిన తప్పు

లాగిన్ కాకపోయేసరికి, అందరం చేసే పనే చేశాను. ఆఫ్ చేసి ఆన్ చేశాను. ఒకసారి కాదు, మూడుసార్లు. మూడోసారికి ఆ పేరూ గడీ కూడా పోయాయి. నల్లటి స్క్రీను మీద తెల్ల అక్షరాల్లో ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఇన్‌కన్సిస్టెన్సీ’ అనీ, ఎఫ్ ఎస్ సి కె అనేదాన్ని చేత్తో నడపమనీ ఉంది. కింద ‘ఇనిట్‌రామ్ఎఫ్ఎస్’ అని రాసి, మినుకు మినుకుమనే గీత ఒకటి.

ఫోనులో వెతికితే అందరూ ఒకే మాట: ఎఫ్ ఎస్ సి కె కొట్టు, అడిగిన ప్రతిదానికీ ‘వై’ కొట్టు, అయిపోతుంది. మర్నాడు మా ఊళ్ళో ఒక రిపేరు షాపుకి ఫోను చేస్తే ‘ఫార్మాట్ చేసి కొత్తగా వేసిస్తాం, డేటాకి హామీ లేదు’ అన్నారు. రెండూ చెయ్యకుండా ఆపింది మా ఆడపడుచు కూతురు. విశాఖలో ఒక కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకుంటుంది. ‘అత్తా, ఏమీ నొక్కకు. పవర్ ఆపెయ్. అమ్మమ్మ పాటలు బయటికి తీశాకే ఏ రిపేరైనా’ అంది.

ఎందుకని అడిగాను. అది చెప్పింది మీరూ గుర్తుపెట్టుకోండి. ఎఫ్ ఎస్ సి కె అనేది ఆవర్జాను సరిచేసే గుమాస్తా. దాని పని లెక్క కుదర్చడం. మీ పాటలు దక్కించడం దాని పని కాదు. కుదరని పద్దు కనిపిస్తే కొట్టెయ్యమంటారా అని అడుగుతుంది. మనం చదవకుండా ‘వై, వై’ అంటూ పోతే కొట్టేస్తుంది. చాలాసార్లు ఏ నష్టం లేకుండానే పని పూర్తవుతుంది, నిజమే. కానీ డిస్కే చెడిపోతూ ఉంటే, ఒక్కో రాతా ఉన్నదాన్ని ఇంకాస్త పాడుచెయ్యచ్చు. అందుకని ఇంకో చోట నకలు లేని వస్తువు ఉన్నప్పుడు వరస ఎప్పుడూ ఒకటే: ముందు చూడటం, తర్వాత కాపీ, ఆ తర్వాతే రిపేరు.

మొదటి మెట్టు: చూడటం

నేను చెయ్యకుండా వదిలేసింది మీరు చెయ్యండి. లాగిన్ లూపులో ఉన్నప్పుడే, రీస్టార్టులు కొట్టకుండా, కంట్రోల్, ఆల్ట్, ఎఫ్3 మూడూ కలిపి నొక్కండి. కొన్ని లాప్‌టాప్‌ల్లో ఎఫ్ఎన్ మీట కూడా కలపాలి. నల్ల స్క్రీను వచ్చి పేరు అడుగుతుంది. మీ లాగిన్ పేరు, పాస్‌వర్డ్ కొట్టండి. పాస్‌వర్డ్ కొడుతుంటే చుక్కలు కూడా కనిపించవు, కంగారు పడకండి. మళ్ళీ మామూలు లాగిన్ స్క్రీనుకి రావాలంటే మింట్‌లో కంట్రోల్, ఆల్ట్, ఎఫ్7.

మన పత్రిక అంతా తెలుగు లిపిలోనే కాబట్టి, ఆ పిల్ల నాకు ఫోనులో చెప్పినట్టే అక్షరాలు విడదీసి రాస్తున్నాను. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాలే. ‘ఖాళీ’ అన్నచోట స్పేస్ బార్.

డి ఎఫ్, ఖాళీ, హైఫన్ హెచ్. డిస్కు ఎంత నిండిందో చెబుతుంది. స్లాష్ గుర్తు ఒక్కటే ఉన్న వరసలో 100 శాతం అని ఉంటే మీ గొడవ డిస్కు నిండటమే. అనవసరమైన పెద్ద ఫైళ్ళు రెండు తీసేస్తే లాగిన్ అయిపోతుంది. ఇంత చిన్నదానికి ఫార్మాట్ చేయించుకున్నవాళ్ళు నాకు తెలుసు.

టి ఓ యు సి హెచ్, ఖాళీ, ఏదో ఒక పేరు. అంటే ‘ఈ పేరుతో ఖాళీ ఫైలు ఒకటి చెయ్యి’ అని. ఏమీ అనకుండా ఊరుకుంటే రాయగలుగుతోంది. ‘రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్’ అంటే మీదీ నా కథే.

సుడో, ఖాళీ, డి ఎం ఇ ఎస్ జి. కంప్యూటర్ తనలో తాను రాసుకునే డైరీ పెద్దగా వస్తుంది. అందులో ‘ఈఎక్స్‌టీ4-ఎఫ్ఎస్ ఎర్రర్’ అని ఉంటే ఆవర్జా పాడయింది. ‘ఐ/ఓ ఎర్రర్’ అని కూడా ఉంటే డిస్కే జబ్బుపడి ఉండచ్చు. ఆ స్క్రీనుని ఫోనుతో ఫొటో తీసుకోండి. మీకు సాయం చేసేవాళ్ళు మొదట అడిగేది ఇదే.

ఈ మూడింటిలో ఏదీ దేన్నీ చెరపదు. కాబట్టి భయపడక్కర్లేదు. పాడయిందని తేలితే అక్కడితో ఆపేసి, పవర్ తీసెయ్యండి.

రెండో మెట్టు: బయట నుంచి లోపలికి

లినక్స్‌లో నాకు బాగా నచ్చింది ఇది. పెన్‌డ్రైవ్ మీద పెట్టుకుని, లాప్‌టాప్ డిస్కుని ముట్టుకోకుండా నడపచ్చు. దీన్ని లైవ్ యూఎస్‌బీ అంటారు. వేరే కంప్యూటర్లో లినక్స్ మింట్ సైటు నుంచి దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్ మీదికి ఎచర్ లాంటి ప్రోగ్రాముతో ఎక్కించాలి. పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నది పోతుంది, ఖాళీది తీసుకోండి. అది గుచ్చి, ఆన్ చేస్తూనే ఎఫ్12 గానీ మీ కంపెనీ వాడే వేరే మీట గానీ నొక్కితే, దేంతో లేవమంటారని అడుగుతుంది. పెన్‌డ్రైవ్ ఎంచుకోండి. డెస్క్‌టాప్ వస్తుంది. అక్కడ ‘ఇన్‌స్టాల్’ అని ఒక బొమ్మ ఊరిస్తూ ఉంటుంది. దాని జోలికి పోవద్దు.

ముందు మెనూలో ‘డిస్క్స్’ తెరిచి, మీ డిస్కు ఎంచుకుని, మూలనున్న చుక్కల మెనూలో ‘స్మార్ట్ డేటా’ చూడండి. డిస్కు తన ఆరోగ్యం తానే రాసుకునే పట్టీ అది. అందులో రీఎలోకేటెడ్ సెక్టార్లు, పెండింగ్ సెక్టార్లు అని రెండు వరసలుంటాయి. సున్నా ఉండాలి. నా డిస్కులో పెండింగ్ 64 ఉన్నాయి. ‘రోగి సీరియస్ అత్తా. ఎక్కువసేపు కదపకూడదు. ముందు పాటలు’ అంది ఆ పిల్ల.

ఫైళ్ళ విండోలో డిస్కు బొమ్మ మీద నొక్కి తెరిస్తే, అది రాయడానికి వీలుగా తెరుచుకుంటుంది. మనకి అది వద్దు. టెర్మినల్ తెరిచి ముందు ఎల్ ఎస్ బి ఎల్ కె, ఖాళీ, హైఫన్ ఎఫ్ కొడితే డిస్కులూ వాటి భాగాలూ వరసగా వస్తాయి. ఈఎక్స్‌టీ4 అని ఉన్నది మనది. నాకది ఎస్ డి ఎ 2. మీకు వేరేది ఉంటుంది, అచ్చం నేను రాసింది కొట్టకండి. తర్వాత: సుడో, ఖాళీ, మౌంట్, ఖాళీ, హైఫన్ ఓ, ఖాళీ, ఆర్ ఓ కామా నోలోడ్ (ఈ కామాకి అటూ ఇటూ ఖాళీ వద్దు), ఖాళీ, స్లాష్ డి ఇ వి స్లాష్ ఎస్ డి ఎ 2, ఖాళీ, స్లాష్ ఎం ఎన్ టి. ఆర్ ఓ అంటే చదవడానికి మాత్రమే. నోలోడ్ అంటే చిట్టా తీసి ఆవర్జా దిద్దే పని కూడా ఇప్పుడు పెట్టుకోవద్దని.

ఇప్పుడు ఫైళ్ళ విండోలో కుడి మౌసు నొక్కి ‘ఓపెన్ యాజ్ రూట్’ అంటే, ఎం ఎన్ టి ఫోల్డర్‌లో మీ ఇల్లంతా ఉంటుంది. హోమ్, అందులో మీ పేరు. నేను అత్తయ్య పాటల ఫోల్డర్ చూడగానే ఏడ్చేశాను. ఫోనులో ఆ పిల్ల ‘ఏడుపు తర్వాత, కాపీ ముందు’ అంది.

బయటి డిస్కుకి కాపీ పెట్టాను. 38 పాటలు వచ్చాయి. రెండింటి దగ్గర ‘ఇన్‌పుట్/అవుట్‌పుట్ ఎర్రర్’ అని ఆగిపోయింది. మిగతా మూడు అసలు ఫోల్డర్‌లోనే కనిపించలేదు.

మీ డిస్కు మొత్తానికి తాళం వేసుకుని ఉంటే, అంటే ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని ఉంటే, ముందు ఆ పాస్‌ఫ్రేజ్ కొట్టి తెరవాలి. అది మర్చిపోతే ఈ దారులేవీ పనిచెయ్యవు. కాగితం మీద రాసి, పాస్‌పోర్టులు పెట్టే చోట పెట్టుకోండి.

మూడో మెట్టు: అచ్చు తీసి, అచ్చు మీద రిపేరు

డిస్కు ఆరోగ్యంగా ఉండి, ముఖ్యమైనవన్నీ కాపీ అయిపోతే ఇక నేరుగా రిపేరు చేసుకోవచ్చు. నాకింకా అయిదు పాటలు రావాలి, డిస్కు చూస్తే ఆఖరి ఊపిరిలో ఉంది. అలాంటప్పుడు డిస్కుకి డిస్కంతా అచ్చు తీసే ప్రోగ్రాము ఒకటుంది, డీడీ రెస్క్యూ అంటారు. మింట్‌లో జి డి డి రెస్క్యూ అనే పేరుతో దొరుకుతుంది. ఇది తెలివైనది. చదవడానికి వచ్చేదంతా ముందు తీసేసుకుని, మొండికేసే చోట్లకి చివర్లో వెళుతుంది. ఎక్కడిదాకా వచ్చిందో ఒక మ్యాప్ ఫైల్లో రాసుకుంటుంది, మధ్యలో ఆపినా మళ్ళీ అక్కడి నుంచే మొదలుపెట్టచ్చు.

రెండు జాగ్రత్తలు. ఒకటి, అచ్చు పెట్టే బయటి డిస్కులో, మీ పాత భాగం మొత్తం సైజుకి మించి ఖాళీ ఉండాలి. నాది 500 జీబీ, అందుకని 1 టీబీ డిస్కు కొన్నాను. ఆ డిస్కు ఫ్యాట్32 పద్ధతిలో ఉంటే 4 జీబీ దాటిన ఫైలుని పట్టదు, ఎక్స్‌ఫ్యాట్ లాంటిది ఉండాలి. రెండు, ఎక్కడి నుంచి, ఎక్కడికి అన్న వరస తారుమారైతే ఉన్నది కూడా తుడిచిపెట్టుకుపోతుంది. ఈ ఒక్క మెట్టు మాత్రం తెలిసినవాళ్ళు వీడియో కాల్లో చూస్తుండగా చెయ్యండి. నేనూ అలాగే చేశాను. రాత్రంతా, మర్నాడు మధ్యాహ్నం దాకా నడిచింది.

ఆ తర్వాత పాత డిస్కు పక్కన పెట్టేసి, ఆ అచ్చు ఫైలుకి ఇంకో కాపీ చేసుకుని, దాని మీద ఎఫ్ ఎస్ సి కె నడిపాం. గుమాస్తా తప్పు చేసినా పోయేది నకలే కదా. ముందు హైఫన్ ఎన్ పెట్టి నడిపితే ఏమీ మార్చకుండా, ఏమేం తప్పులున్నాయో చదివి వినిపిస్తుంది. తర్వాత నిజంగా నడిపాం. ఎప్పుడైనా సరే, మౌంట్ అయి ఉన్న, అంటే వాడకంలో ఉన్న భాగం మీద దీన్ని నడపకూడదు. దుకాణం నడుస్తుండగా ఆవర్జా చించి కుట్టినట్టవుతుంది.

ఆవర్జాలో పేరు పోయి, గోడౌనులో సరుకు మాత్రం మిగిలిన వాటిని ఎఫ్ ఎస్ సి కె ఏం చేస్తుందో తెలుసా? పారెయ్యదు. ‘లాస్ట్ ప్లస్ ఫౌండ్’ అనే ఫోల్డర్‌లో వేస్తుంది. ప్రతి ఈఎక్స్‌టీ4 డిస్కులోనూ ఆ ఫోల్డర్ ఉంటుంది, అదేదో చెత్త అనుకుని చాలామంది తీసెయ్యబోతారు. అందులో వాటికి పేర్లుండవు. హ్యాష్ గుర్తూ ఒక అంకెల వరసా ఉంటాయి, అంతే. ఏది ఫొటోనో ఏది పాటో తెలియడానికి ఎఫ్ ఐ ఎల్ ఇ, ఖాళీ, ఆ ఫైలు పేరు కొట్టాలి. వాట్సాప్ వాయిస్ మెసేజ్ అయితే ఓపస్ ఆడియో అని చెబుతుంది. హ్యాష్ ఉన్న పేరుని కోట్ గుర్తుల మధ్య పెట్టాలి, లేకపోతే పట్టించుకోదు.

అలా వెతికితే మూడు ఓపస్ ఫైళ్ళు దొరికాయి. డీడీ రెస్క్యూ మళ్ళీ మళ్ళీ ప్రయత్నించగా, ఆగిపోయిన రెండింటిలో ఒకటి పూర్తిగా వచ్చింది. ఇంకోదానికి మధ్యలో కొంత ముక్క పోయింది. మొత్తం మీద 42 పాటలు నిండుగా, ఒకటి అరకొరగా.

పేర్లు పోయిన మూడింటిలో రెండు విని నేనే గుర్తుపట్టాను. మూడోది నాకు తెలియలేదు. ఆదివారం వీడియో కాల్లో అత్తయ్యకి వినిపించాను. ఆవిడ కళ్ళు మూసుకుని విన్నారు, మంచం అంచు మీద వేలితో తాళం వేశారు. తర్వాత చాలాసేపు కూడదీసుకుని ‘బువ్వం బంతి’ అన్నారు. పెళ్ళిలో వధూవరుల్ని కూర్చోబెట్టి భోజనం పెట్టే వేళ పాట. ఆ పేరే పెట్టాను. అరకొరగా వచ్చింది వియ్యపురాలి పాట. అది ఆగిన చోట ఆవిడ నవ్వారు. మిగతాది ఆవిడకి గుర్తుంది, నాకే రాదు.

మీరు ఈ ఆదివారం చెయ్యాల్సింది

పాత డిస్కు తీసి ఎస్ఎస్‌డీ వేయించుకున్నాను, బ్యాటరీ మార్చాను, మింట్ మళ్ళీ వేసుకున్నాను. జబ్బుపడిన డిస్కుని ఎఫ్ ఎస్ సి కె తో ఆ పూటకి లేపినా మళ్ళీ పడుతుంది. ఆవర్జా దిద్దగలం గానీ చెదలు పట్టిన కాగితాన్ని బాగుచెయ్యలేం.

మింట్ వాడేవాళ్ళకి ఒక మాట గట్టిగా చెప్పాలి. అందులో టైమ్‌షిఫ్ట్ అని ఉంటుంది, మొదట్లోనే ‘ఆన్ చేసుకోండి’ అంటుంది. నేను చేశాను, బ్యాకప్ ఉందిలే అనుకున్నాను. అది సిస్టమ్ ఫైళ్ళకి మాత్రమే. మనం ప్రత్యేకంగా చెబితే తప్ప మన ఫోల్డర్‌లో ఫొటోలూ పాటలూ తీసుకోదు. పైగా దాన్ని అదే డిస్కులో పెట్టుకుంటే, డిస్కుతో పాటే అదీ పోతుంది. మన సొంత ఫైళ్ళకి మింట్‌లోనే ‘బ్యాకప్ టూల్’ అని వేరే ఉంది. లేదా బయటి డిస్కులోకి మామూలుగా కాపీ చేసినా చాలు.

కంప్యూటర్ వాళ్ళు చెప్పే పాత లెక్క ఒకటుంది, 3-2-1 అని. మూడు కాపీలు, రెండు రకాల వస్తువుల మీద, ఒకటి వేరే ఇంట్లో. నాకిప్పుడు పాటలు లాప్‌టాప్‌లో ఒకటి, బీరువాలో బయటి డిస్కులో ఒకటి, విశాఖలో మా ఆడపడుచు ఇంట్లో పెన్‌డ్రైవ్‌లో ఒకటి. మన ఇళ్ళల్లో ఇది కష్టం కాదు. ఊరెళ్ళేవాళ్ళతో పచ్చళ్ళూ చాక్లెట్లూ పంపుకునేవాళ్ళం, ఒక పెన్‌డ్రైవ్ పంపలేమా?

అందుకని ఈ ఆదివారం మూడు పనులు చెయ్యండి. ఒకటి, మీ లాప్‌టాప్‌లో ఉండి ఇంకెక్కడా లేనివి ఏమిటో కాగితం మీద రాయండి. అమ్మ ఫొటోలా, పొలం కాగితాల స్కాన్లా, వీసా కోసం దాచిన జీతం రసీదులా, రాసుకుంటేనే తెలుస్తుంది. రెండు, వాటిని ఇంకో చోటికి కాపీ చేసి, కాపీ చేసినదాన్ని తెరిచి చూడండి. తెరుచుకోని కాపీ కాపీ కాదు. మూడు, ‘డిస్క్స్’లో స్మార్ట్ పట్టీ చూడండి. విండోస్‌లోనూ మ్యాక్‌లోనూ కూడా అది చూపించే ఉచిత ప్రోగ్రాములున్నాయి. పెండింగ్ సెక్టార్లు సున్నా కాకపోతే ఆ డిస్కుని ఇక నమ్మకండి.

ఇంతా చేశాక కూడా ఒకరోజు లాప్‌టాప్ మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవచ్చు. అప్పుడు చేతులు కట్టుకుని కూర్చోండి. మళ్ళీ మళ్ళీ ఆన్ చెయ్యకండి, ఎవరేమన్నా ఫార్మాట్‌కి ఒప్పుకోకండి. పవర్ తీసేసి, మన గ్రూపులో ఒక మెసేజ్ పెట్టండి. లైవ్ యూఎస్‌బీ నా దగ్గరొకటి ఎప్పుడూ సిద్ధంగా ఉంటోంది. వీడియో కాల్లో మీ పక్కన కూర్చుంటాను.